నీటి మరను చూడాలంటే కాలువ వెంట రండి

నది ఒడ్డున పాత నీటి మర, అంటే నీటి చక్రంతో తిరిగే పిండిమర, కనిపిస్తే చాలామంది చక్రం ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. మరకు నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వదులుతారో ముందే కనుక్కుని, దానికి ఓ గంట ముందు ఎగువనున్న అడ్డుకట్ట దగ్గరికి చేరండి. అక్కణ్ణుంచి పిల్లకాలువ వెంట నడవండి. నది వాలుకు దిగిపోతుంటే కాలువ దాదాపు మట్టంగా సాగుతుంది. మర చేరేసరికి రెండింటికీ వచ్చే ఎత్తు తేడానే దాని బలం.

అడ్డుకట్ట కింద నీళ్లు ఎంత నెమ్మదిగా కనిపించినా దిగొద్దు. పైనుంచి పడ్డ నీరు సుడి తిరిగి మనిషిని మళ్లీ కట్టవైపే లాగుతుంది. ఈత వచ్చినా లాభం లేదు.

చక్రానికి నీరు ఎక్కడ తగులుతోందో చూడండి. పైనుంచి పడితే అరలు నిండి, నీటి బరువే తిప్పుతుంది. కింద తగిలితే ప్రవాహం బల్లలను తోస్తుంది. మొదటిది రెండోదానికంటే దాదాపు రెట్టింపు పని ఇస్తుందని ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లో నమూనాలతో కొలిచి చూపించాడు. చెక్క చక్రాన్ని వాడకుండా వదిలేస్తే కింది సగమే నానుతూ బరువెక్కి తూకం తప్పుతుంది.

లోపలికి వెళ్లేముందు చున్నీ, జుట్టు బిగించి కట్టుకోండి. చాలా మరల్లో ఇనుప పళ్ల చక్రానికి చెక్క పళ్ల చక్రం జత. ఏదైనా ఇరుక్కుంటే చెక్క పన్ను విరుగుతుంది, దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. మోతా తక్కువ.

ఎక్కువసేపు నిలబడాల్సింది రాళ్ల దగ్గర. కింది రాయి కదలదు. పైది, 1.2 మీటర్ల వెడల్పుంటే, నిమిషానికి సుమారు 120 చుట్లు తిరుగుతుంది. రెండూ తగలకూడదు. మధ్యలో గింజ పట్టేంత సందు, అంచున కాగితమంత. విప్పి పెట్టిన రాయి ఉంటే దాని గాళ్లను, అంటే రాతిమీద చెక్కిన చాళ్లను, వేలితో తడమండి: పదును ఉంటే గింజను కోస్తాయి, అరిగితే నలుపుతాయి, పిండి వేడెక్కుతుంది. అప్పుడిక కక్కు కొట్టి, అంటే రాతిని మళ్లీ చెక్కి, పదును తేవాల్సిందే. జారే పిండిని బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దితే మెత్తదనం, వేడి రెండూ తెలుస్తాయి.

గంట మోగిందంటే తొట్టిలో గింజలు అయిపోవస్తున్నాయన్నమాట. ఒట్టి రాళ్లు రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి, గాల్లోని పిండి దుమ్ము భగ్గుమంటుంది.

వరద రోజుల్లో మాత్రం వెళ్లకండి. దిగువ నీరు ఎగదన్ని చక్రం అడుగు మునుగుతుంది. నది నిండుగా ఉన్నా మర తిరగదు.