డిస్టార్షన్ పెడల్ కొంటున్నారా? ముందు అది ఎందులోకి వెళ్తుందో చూడండి

ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని కరుకుగా మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బానే డిస్టార్షన్ పెడల్ అంటారు. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో వెతికితే పేజీలకు పేజీలు వస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో భయంకరమైన పేరు, కింద బారెడు రివ్యూలు. అవి చూస్తూ కూర్చుంటే గిటార్ మూలన పడి ఉంటుంది, మనం వీడియోల్లోనే తెల్లారబెడతాం. నిజానికి ఆ గుంపులో చాలావరకు ఐదారు పాత సర్క్యూట్ల పిల్లలూ మనవలే. ఆ కుటుంబాలు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం, పెడల్‌ని దేనికి తగిలిస్తున్నారో తేల్చుకుంటే పోతుంది. ఈ రెండోదే చాలామంది పట్టించుకోరు కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

గిటార్ యాంప్‌లో ఉండే స్పీకర్ మామూలు స్పీకర్ కాదు. దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. మామూలు డిస్టార్షన్ పెడల్‌ని ఆ స్పీకర్ ఉంటుందన్న లెక్కతోనే తయారు చేస్తారు. దాన్ని తీసుకెళ్లి చర్చిలో మిక్సర్‌కో, కాలేజీ ఫెస్ట్‌లో పీఏ సిస్టమ్‌కో (స్టేజీ స్పీకర్ల సెట్టు), ఇంట్లో గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కో నేరుగా గుచ్చితే, మింగేవాడు లేక ఆ పై శబ్దమంతా జుయ్యిమంటూ బయటికొచ్చి చెవుల్లో గీరుతుంది. దాంతో పెడల్ బాలేదని అమ్మేసి ఇంకోటి కొంటారు, అదీ అలాగే గీరుతుంది.

కాబట్టి యాంప్ ఉన్నవాళ్లకు మామూలు ఓవర్‌డ్రైవో (డిస్టార్షన్‌కి కాస్త మెత్తని రూపం) డిస్టార్షనో చాలు. యాంప్ లేకుండా వాయించేవాళ్లకు కావలసింది ప్రీయాంప్ పెడల్ (యాంప్‌లో శబ్దానికి రూపమిచ్చే మొదటి భాగం పని చేసేది), అదీ క్యాబ్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ డబ్బాని అనుకరించే సర్క్యూట్ ఉన్నది. 1989లో టెక్ 21 తెచ్చిన శాన్సాంప్ ఈ పనికే పుట్టింది, ఇప్పుడు ఆ దారిలో బోలెడు ఉన్నాయి. కానీ డబ్బా మీద ప్రీయాంప్ అని రాసినంత మాత్రాన లోపల క్యాబ్ సిమ్ ఉందని అనుకోవద్దు. స్పెసిఫికేషన్లలో క్యాబ్ సిమ్ అనో, ఐఆర్ (ఒక స్పీకర్ డబ్బా ధ్వని తీరుని పట్టి దాచిన ఫైల్) అనో కనబడితేనే నమ్మండి. కంప్యూటర్‌లో రికార్డు చేసుకోవడానికే అయితే ఇంకా తేలిక, ఉన్న పెడల్‌నే ఇంటర్‌ఫేస్‌కి ఇచ్చి, దాని తర్వాత నాడ్ఐఆర్ లాంటి ఉచిత ప్లగిన్‌లో ఒక క్యాబినెట్ ఐఆర్ వేసుకోండి. రూపాయి ఖర్చు లేకుండా ఆ గీరుడు పోతుంది.

యాంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అనే జాక్ ఉంటే ప్రీయాంప్ పెడల్‌ని అందులోకి ఇవ్వండి. యాంప్ సొంత ప్రీయాంప్ పక్కకు తప్పుకుని, మీ పెడల్ ఆ పని చేస్తుంది. 1991లో వచ్చిన బాస్ కంపెనీ పెడల్ మెటల్ జోన్‌ని అందరూ ఆడిపోసుకుంటారు గానీ, దాన్ని ఒకసారి ఇలా రిటర్న్‌లోకి ఇచ్చి వినండి, అంత తిట్టాల్సిన పెడలేం కాదనిపిస్తుంది. ఒక జాగ్రత్త: కొన్ని యాంప్‌లలో మాస్టర్ వాల్యూమ్ రిటర్న్ కంటే ముందే ఉంటుంది, అందుకని పెడల్ లెవెల్‌ని సున్నా దగ్గర పెట్టుకుని మెల్లగా పెంచండి. లేదంటే పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

ఇక కుటుంబాలు. 1979లో ఐబనేజ్ తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ వంశం పెద్దది. సిగ్నల్ అంచుల్ని కోసే డయోడ్లు, సిగ్నల్‌ని పెంచే చిప్ (ఆప్-ఆంప్) ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి, అందుకే సిగ్నల్ మెత్తగా తెగుతుంది, బేస్ తగ్గి మధ్య స్వరాలు ముందుకొస్తాయి. ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది గానీ, డ్రమ్సూ బేస్ గిటారూ కలిశాక మీరు వినబడేది దాని వల్లే. మెటల్ వాయించేవాళ్లు దీని డ్రైవ్‌ని (డిస్టార్షన్ ఎంత ఉండాలో తేల్చే నాబ్) సున్నాకి, లెవెల్‌ని పైకి పెట్టి, గెయిన్ ఎక్కువున్న, అంటే తానే బాగా డిస్టార్షన్ ఇచ్చే యాంప్ ముందు వాడతారు, రిఫ్ (మళ్లీ మళ్లీ వాయించే గిటార్ ముక్క) బిగుతుగా వస్తుంది. 1978 నాటి బాస్ డీఎస్-1, ప్రోకో ర్యాట్ ఇంకో దారి. వాటిలో డయోడ్లు సిగ్నల్‌ని గ్రౌండ్‌కి కోసేస్తాయి, శబ్దం గట్టిగా, కరుకుగా ఉంటుంది. ర్యాట్‌లో ఫిల్టర్ నాబ్ తిరకాసుగా పనిచేస్తుంది, కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. బిగ్ మఫ్ ఇంకో వంశం, గదిలో ఒక్కరే వాయిస్తే కొండంత ఉంటుంది, బ్యాండ్‌లోకి వెళ్లగానే మాయమైపోతుంది, ఎందుకంటే దానికి మధ్య స్వరాలే తక్కువ. స్వీడన్ డెత్ మెటల్ రంపపు మోత కావాలంటే 1983 నాటి బాస్ హెచ్ఎం-2 వంశం, నాబులన్నీ చివరిదాకా తిప్పేయడమే దాని పద్ధతి.

చవక కాపీల గురించి అడుగుతారు కదా, కొనండి, సిగ్గేం లేదు. ట్యూబ్ స్క్రీమర్‌కి బెరింగర్ టీఓ800, హెచ్ఎం-2కి హెచ్ఎం300 ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాలు, స్టేజీ మీద బూటుతో తొక్కడానికి కాస్త భయమేస్తుంది, కానీ ఏ కుటుంబం మీకు నప్పుతుందో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

షాపులో టెస్ట్ చేసేటప్పుడు సొంత గిటార్ తీసుకెళ్లండి. ముందుగా పెడల్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా శబ్దం ఒకే స్థాయిలో వచ్చేలా లెవెల్ నాబ్ సరిచేయండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించిందే చెవికి బాగున్నట్టు తోస్తుంది, అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. డ్రైవ్‌ని గడియారంలో 9 గంటల ముల్లు ఉండే చోట పెట్టి పవర్ కార్డ్ (రెండు మూడు తీగల మీద పట్టే స్వరాల జోడి) కొట్టండి. ఇదే ఏ పెడల్‌లోనైనా బాగుంటుంది, దీన్ని బట్టి నిర్ణయించొద్దు. తర్వాత ఓపెన్ జీ మేజర్ కార్డ్ పట్టి ఆరు తీగలూ కలిపి మెల్లగా మీటండి. తీగలు విడివిడిగా తెలుస్తున్నాయా, అంతా ఒకే గుజ్జు అయిందా? ఆ తర్వాత గిటార్ మీది వాల్యూమ్‌ని 10 నుంచి 5కి తగ్గించండి. మంచి ఓవర్‌డ్రైవ్ అయితే శబ్దం శుభ్రపడుతుంది. చివరగా తీగల మీద అరచేయి ఆనించి డ్రైవ్ పెంచండి, మీ గిటార్‌లో తీగల కదలికని పట్టే పికప్ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్నది) అయితే కొంత గుయ్యిమనడం మామూలే, మరీ ఎక్కువైతే షాపు లైట్లు గానీ, అడాప్టర్ గానీ కూడా కారణం కావచ్చు, ఇంకో ప్లగ్‌లో పెట్టి చూడండి.

కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఎక్కువ పెడళ్లకు 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను నెగెటివ్. ఇంట్లో పడి ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టొచ్చు, కానీ అది సాధారణంగా 12 వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. బ్యాటరీతో వాడితే వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి, చాలా పెడళ్లలో ఆ జాకే బ్యాటరీ స్విచ్, కేబుల్ వదిలేస్తే పొద్దునకి బ్యాటరీ గోవిందా.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే నాబులన్నీ ఒక్కోటిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. కరకరలాడితే మురికి పట్టిందని అర్థం, కాంటాక్ట్ క్లీనర్ కొడితే మామూలుగా పోతుంది, ఆ సాకుతో బేరమాడొచ్చు. జాక్‌లో కేబుల్ కదిపితే శబ్దం తెగిపోతోందా, అక్కడ సోల్డర్ వదిలిందేమో అనుమానించండి. ఫుట్ స్విచ్ నొక్కిన ప్రతిసారీ పట్టకపోతే ధర ఎంత ఊరించినా వదిలేయండి.