కాలవ గట్టున కాషాయ మొహం తూనీగని గుర్తుపట్టేదెలా?

ఉదయం తొమ్మిది దాటి ఎండ కాస్త చురుక్కుమన్నాక బందరు కాలవ గట్టు దిగి, జమ్మో గుర్రపుడెక్కో నీళ్లని ఆనుకుని ఉన్న చోట ఓ పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. నిలబడొద్దు. మీ నీడ పడిందంటే అన్నీ ఎగిరిపోతాయి.

చిన్నప్పుడు మనం తోకకి దారం కట్టి ఏడిపించిన లావుపాటి తూనీగ వాలినా రెక్కలు చాపే ఉంచుతుంది. మనకి కావాల్సింది అది కాదు, డామ్సెల్‌ఫ్లై. ఇది పుల్లలా సన్నగా ఉంటుంది, వాలగానే రెక్కలు వీపు మీదికి మడిచేస్తుంది, కళ్లు డంబెల్ గుండ్లలా చెరో పక్కన విడిగా ఉంటాయి.

నీలంగా ఉంది కదా అని పేరు చెప్పేయకండి, నేను చాలాకాలం అదే పొరపాటు చేశాను. నీలంవి చాలా రకాలున్నాయి, మొహం చూడాలి. మనం వెతికే కాషాయ మొహందాని శాస్త్రీయ నామం స్యూడాగ్రియాన్ రూబ్రిసెప్స్, దీని మగదానికి మొహం సిందూరం పూసినట్టు నారింజ రంగులో ఉంటుంది, ఛాతీ పైన ఆకుపచ్చ, పక్కలు నీలం. దీని చుట్టం మైక్రోసెఫాలమ్‌కి మొహం కూడా నీలమే. తోకంతా పసుపుపచ్చగా ఉంటే అది సెరియాగ్రియాన్ కోరమండేలియానమ్, వరిచేల పక్క గుంటల్లోనూ కనిపిస్తుంది. ఆడవి వెలిసిపోయిన రంగులో ఉంటాయి, మొదట్లో వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు, జంటగా దొరికితే మగదాన్ని చూసి చెప్పొచ్చు.

మగది ఒక ఆకుని ఎంచుకుని, ఇంకో మగది వస్తే తరిమి మళ్లీ అక్కడికే వస్తుంది, కాబట్టి ఫొటో తప్పిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు, ఫోన్ ఆ ఆకు మీదే ఫోకస్ చేసి ఉంచండి. జతకట్టాక కూడా మగది ఆడదాని మెడ వదలదు. ప్రేమ అనుకునేరు! చాలా డామ్సెల్‌ఫ్లైలలో తర్వాత వచ్చిన మగది ముందుదాని వీర్యాన్ని బయటికి లాగేసి తనది పెడుతుంది, 1979లో జోనథన్ వాగే అనే శాస్త్రవేత్త బయటపెట్టిన సంగతి ఇది. అందుకే గుడ్లు పెట్టేదాకా ఆ కాపలా. ఆడది మొక్క కాడని గాటు పెట్టి గుడ్లు లోపల దాస్తుంది, కొన్ని జాతుల్లో దానికోసం పూర్తిగా నీళ్లలోకి దిగిపోతాయి కూడా.

పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలు ఉంటాయి, దోమ లార్వాలు వాటికి భోజనం. లేచే ముందు నీటి పైన ఉన్న కాడలు వెతకండి: ఎండిపోయిన బుల్లి చర్మం అతుక్కుని కనిపిస్తే, ఏదో ఒకటి అక్కడే పెరిగి ఎగిరిపోయిందన్నమాట.