త్రిమితీయ రూపకల్పన, 4వ పాఠం: ఘనం నునుపుదేరడం

త్రిమితీయ ఆకారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో ఘనాన్ని ఎంచుకుని కంట్రోల్, 1 కలిపి నొక్కితే మూలలు మెత్తబడతాయి. నొక్కడం అందరికీ వచ్చు. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారైనా కాగితం మీద లెక్కవేయండి. ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రకటించిన ఈ పద్ధతికి సగటు కట్టడం వస్తే చాలు.

మన ఘనం కేంద్రం సున్నా దగ్గర ఉంది, ఒక మూల (1, 1, 1). ముందు ప్రతి ముఖానికీ దాని శీర్షాల సగటు దగ్గర ఒక బిందువు పెట్టండి. పక్క ముఖానికి అది (1, 0, 0). తర్వాత ప్రతి అంచుకూ దాని రెండు కొనలు, ఇరువైపుల ముఖబిందువులు, ఈ నాలుగింటి సగటు. మన మూల నుంచి దిగే నిలువు అంచుకు అది (0.75, 0.75, 0). ఇక పాత మూల. దాని చుట్టూ ఉన్న ముఖబిందువుల సగటు ఒక వంతు, అంచుల నడిమి బిందువుల సగటు రెండు వంతులు తీసుకుని మూడుతో భాగించండి. మూల (5/9, 5/9, 5/9)కు జారుతుంది. మూడు అంచులే కలిసే చోట పాత స్థానానికి ఈ సూత్రంలో విలువే లేదు. నాలుగు కలిస్తే దానికి నాలుగో వంతు దక్కుతుంది. ఈ కొత్త బిందువులను కలిపితే ప్రతి ముఖం నాలుగుగా విడిపోతుంది, ఇది ఒక విభజన.

ఇప్పుడు కేంద్రం నుంచి దూరాలు చూడండి: ముఖబిందువు 1, అంచుబిందువు సుమారు 1.06, మూల సుమారు 0.96. అంటే ఇది గోళం కాదు, ఎన్నిసార్లు విభజించినా కాదు. అసలు గోళం కావాలంటే గోళంతోనే మొదలుపెట్టడం సులువు. (బ్లెండర్‌లో ఇవే అంకెలు కనిపించాలంటే కంట్రోల్, 1 నొక్కినప్పుడు ఘనానికి చేరిన మాడిఫయర్ (ఆకారాన్ని మార్చే అమరిక)లోని ‘యూజ్ లిమిట్ సర్ఫేస్’ తీసేయండి. అది ఉంటే బిందువులు అంతిమ ఉపరితలం మీదికే వెళ్లిపోతాయి.)

ముఖాలు ప్రతి విభజనకూ, అంటే ప్రతి మెట్టుకూ, నాలుగింతలవుతాయి: 6, 24, 96... ఐదో మెట్టుకు 6,144. వంపు బాగా రాలేదని మెట్లు పెంచుకుంటూ పోవడం కొత్తవాళ్లకు అలవాటు. నాకది ఏమాత్రం నచ్చదు. వంపు తేడాగా ఉంటే లోపం అడుగునున్న మెష్‌లోనే (విభజనకు ముందున్న శీర్షాలు, అంచులు, ముఖాల అల్లికలోనే) ఉంటుంది, కంప్యూటర్‌ను ఎంత శ్రమపెట్టినా అది పోదు.

పదును కావలసిన చోట అంచుకు దగ్గరగా మరో గీత కోయాలి. ఎడిట్ మోడ్‌లో (శీర్షాలు, అంచులు మార్చే స్థితిలో) కంట్రోల్, ఆర్ నొక్కి ఘనం పైముఖానికి దగ్గరగా ఒక చుట్టు కోయండి. పై అంచు బిగుసుకుంటుంది, అడుగు గుండ్రంగానే ఉండిపోతుంది. అడుగున కూడా ఒకటి కోస్తే డోలు ఆకారం వస్తుంది.

అభ్యాసం: అన్ని అంచులూ కొద్దిగా మాత్రమే నునుపైన పెట్టె కావాలి. మొత్తం ఎన్ని చుట్లు కోయాలో ముందు ఊహించి, తర్వాత కోసి చూడండి.