ఎక్సెల్‌లో బ్రాడీపేట 4/7 జులై 4 అయిపోకుండా ఉండాలంటే

గుంటూరులో ఎవరినడిగినా చెబుతారు, బ్రాడీపేట 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని. ఎక్సెల్‌కి మాత్రం అది జులై 4.

మా ఇంట్లో అత్తయ్య వంట చేస్తారు, నేను లిస్టు రాస్తాను, మరిది బండి మీద క్యారియర్లు అందిస్తాడు. మొదటి వారం అడ్రసులన్నీ ఎక్సెల్‌లో కొట్టి, సరిచూసుకోకుండా ప్రింటు తీసి ఇచ్చేశాను. "వదినా, మామ్మగారి పేరు పక్కన 04-జులై అని ఉంది, ఏ ఇంటికెళ్లాలి?" అని ఫోను. ఆవిడకు షుగర్, పన్నెండున్నరకల్లా తినాలి. ఆ రోజు క్యారియర్ చేరేసరికి రెండైంది. రాత్రే కూర్చుని ఇదంతా నేర్చుకున్నాను.

తేదీ అయిపోయాక ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 4/7 తిరిగి రాదు, 45842 లాంటి అంకె వస్తుంది. 1900 జనవరి 1ని 1 అనుకుని ఎక్సెల్ రోజులు లెక్కబెడుతుంది; 2025 జులై 4కి ఆ లెక్కలో వచ్చే అంకె అది. మనం కొట్టింది అప్పటికే పోయింది. అందుకే కొట్టకముందే జాగ్రత్తపడాలి.

ఖాళీ షీటులో అడ్రసు కాలమ్ పైనున్న అక్షరం మీద క్లిక్ చేయండి, కాలమంతా సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్, 1 కలిపి నొక్కి, నంబర్ ట్యాబ్‌లో టెక్స్ట్ ఎంచుకుని ఓకే కొట్టండి. ఇప్పుడు 4/7 కొట్టి, ఎంటర్ నొక్కి గడిని చూడండి. ఎడమ అంచుకు ఆనుకుని ఉంటే మీరు కొట్టింది కొట్టినట్టే ఉంది. కుడి పక్కకు జరిగిందంటే తేదీ అయిపోయింది. గూగుల్ షీట్స్‌లో అయితే ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్.

ఒకటి రెండు గడులకైతే ముందు సింగిల్ కోట్ పెట్టి కొడితే చాలు. అది గడిలోనూ కనపడదు, ప్రింటులోనూ రాదు.

డోర్ నంబర్లతో ఇంకా జాగ్రత్త. 12-7-15 తేదీ అయిపోతుంది, 5-37-48 మాత్రం, 37వ తేదీ గానీ 37వ నెల గానీ లేదు కాబట్టి, అలాగే ఉంటుంది. పైన నాలుగు వరసలు బాగానే ఉన్నాయని నమ్మేస్తే కిందివి దెబ్బతింటాయి.

ఎవరైనా సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) పంపితే డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర "డు నాట్ డిటెక్ట్" పెట్టి లోడ్ చేయండి. కొత్త ఎక్సెల్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అని ఉంది కదా అని ధీమా పడొద్దు. మార్చి 1గా మారిపోయే ఎంఏఆర్1 (MAR1) లాంటి అక్షరం, అంకె కలిసిన వాటిని అది ఆపుతుంది గానీ 4/7ని ఆపదు.

ఇప్పటికే మారిపోయినవి పదీ ఇరవై అయితే కాగితం చూసి మళ్లీ కొట్టడమే మేలు. వందల్లో ఉంటే, మీ ఎక్సెల్‌లోనూ 4/7 జులై 4గానే మారి ఉంటే, డే ఫార్ములాతో లైను నంబరు, మంత్ ఫార్ములాతో అడ్డరోడ్డు తీసి, మధ్యలో ఏటవాలు గీత (/)తో కలపండి. అడ్డరోడ్డు నంబరు 12 దాటినవి మాత్రం ఒక్కొక్కటీ కాగితంతో సరిచూసుకోండి, ఏడాదికి 12 నెలలే కాబట్టి అక్కడ ఈ ఫార్ములా పనికిరాదు.