ఎయిర్ హోస్‌లో ఆయిల్ జిడ్డు: రింగులు పోయాయా, పీసీవీ వాల్వు పోయిందా?

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, హోస్ లోపల వేలు తిప్పి, నల్లటి జిడ్డు చూపించి "రింగులు పోయినాయి సార్, ఇంజన్ దించాల" అంటే వెంటనే తలూపొద్దు. తిరుపతిలో ఒక షెడ్డులో నాకూ ఇదే మాట చెప్పారు. చివరికి మార్చింది బొటనవేలంత వాల్వు, దానికి తగిలించిన రబ్బరు పైపు.

పిస్టన్ చుట్టూ ఉండే ఆ రింగులు ఎంత బాగున్నా కాలిన గ్యాసు కొంత పిస్టన్ పక్కనుంచి కిందికి జారుతుంది, ఆయిల్ ఆవిరిని కలుపుకుంటుంది. దాన్ని గాలిలోకి వదలకుండా తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చేయడం పీసీవీ వాల్వు పని. అందుకే వేలికి పల్చగా అంటే జిడ్డు మామూలే. గుడ్డ తడిసిపోతే, హోస్ వంపులో ఆయిల్ నిలిస్తే అప్పుడు వెతకాలి.

వెతికే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) చూడండి. సమతలంగా ఉన్నచోట బండి ఆపి, పది నిమిషాలాగి తీయాలి. పై గీత దాటి పోసుంటే ఆ ఎక్కువ ఆయిలే ఆవిరితో పాటు పైకొస్తుంది, తీసేస్తే సరి. నూనె పూసి వాడే రకం ఎయిర్ ఫిల్టరైతే, కడిగాక నూనె ఎక్కువ పట్టించారేమో కూడా చూడండి.

ఇక అసలు ప్రశ్న: జిడ్డు త్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపుకి) ముందుందా, వెనకుందా?

ముందు, అంటే ఫిల్టర్ వైపు హోస్‌లో ఉంటే, గ్యాసు వెనక్కి తన్నుతోంది. తిరుమల ఎక్కేటప్పుడు సెకండ్ గేర్లో, నిండుగా మనుషులతో, యాక్సిలరేటర్ బాగా తొక్కి పోతామా, అప్పుడు మానిఫోల్డ్‌లో (త్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి పోయే గొట్టాల్లో) పీల్పు తగ్గిపోతుంది, కిందికి జారే గ్యాసేమో పెరుగుతుంది. వాల్వు మూసుకుపోయి ఉంటే ఆ గ్యాసుకు ఫిల్టర్ వైపు హోస్‌కి కలిసే బ్రీదర్ పైపే దారి. వాల్వు బాగుండి కూడా ఇలాగే తంతుంటే అప్పుడు రింగుల్ని అనుమానించాలి.

వెనక, మానిఫోల్డ్‌లో ఉంటే వాల్వు తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. ఆ మలుపుల్లో యాక్సిలరేటర్ వదిలి గేరు మీద దిగుతుంటే పీల్పు బాగా బలంగా ఉంటుంది, ఆయిల్‌నీ లాగేసుకుంటుంది. (అలిపిరి చేరాక యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి నీలం పొగ వదిలితే ఇంజన్ వాల్వుల సీళ్ళనూ చూపించండి. అది వేరే జబ్బు, దానికి హోస్‌లో జిడ్డు రాదు.) టర్బో బండైతే టర్బో సీలు, దాని ఆయిల్ దిగే పైపు కూడా లెక్కలోకి వస్తాయి.

వాల్వు పరీక్ష సులువు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి ఆయిల్ మూత తీసి, ఆయిల్ పోసే ఆ రంధ్రం మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరచండి. మెల్లగా లోపలికి లాగితే బాగున్నట్టు. ఎగరేస్తే వాల్వు మూసుకుందో, గ్యాసు ఎక్కువైందో. గట్టిగా పీల్చేస్తే తెరుచుకునే ఉంది. వాల్వు విప్పి ఊపితే లోపల టకటకమనాలి. కొన్ని ఇంజన్లలో అది టాపెట్ కవర్లోనే (ఇంజన్ పై మూతలోనే) కలిసి వస్తుంది, వాటికి ఊపే పరీక్ష లేదు. మార్చేటప్పుడు గట్టిపడిన పైపులూ మార్చండి. కడిగి మళ్ళీ బిగించడం నా ఉద్దేశంలో దండగ.

వాల్వు మార్చినా జిడ్డు వస్తుంటే కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చేయించండి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే ఇంజన్ వాల్వులు. ఈ అంకెలు కాగితం మీద చూడకుండా ఇంజన్ దించడానికి ఒప్పుకోవద్దు.

ఆఖర్న త్రాటిల్ బాడీని దాని స్ప్రేతో తుడవండి. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ప్లేటును వేలితో బలవంతంగా తోయొద్దు. గాలి కొలిచే సెన్సార్ ఉంటే దానికి విడిగా స్ప్రే దొరుకుతుంది, గుడ్డ తగలనివ్వొద్దు. హోస్ పొడిగా తుడిచి బిగించాక, ఒకసారి కొండెక్కి దిగొచ్చి మళ్ళీ తెల్లగుడ్డ పెట్టి చూడండి.