ఏటి మొగలో మునిగిన వలలు ఎలా తీయాలి?

నైలాన్ వల తెగి నీళ్ళలో పడిపోయినా దాని పని మానదు. పైన బెండ్లు, కింద సీసం గుండ్లు ఉన్నంతకాలం నిలబడే ఉంటుంది. చేపలు పడతాయి. వాటిని తినడానికి పీతలు వస్తాయి, అవీ చిక్కుకుంటాయి. ఆ బరువుకు వల అడుగుకు కూలుతుంది. చచ్చినవి కుళ్ళి బరువు తగ్గాక బెండ్లు దాన్ని మళ్ళీ లేపుతాయి, కథ మళ్ళీ మొదలు. పట్టిన చేప ఎవరి నోటికీ అందదు. డైవర్లు వీటిని ఘోస్ట్ నెట్స్ అంటారు, అంటే దయ్యం వలలు.

మన ఉత్తరాంధ్రలో కళింగపట్నంలో వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువలో మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. ఏరు మోసుకొచ్చిన ప్లాస్టిక్, తుఫానుకు కొట్టుకొచ్చిన తాళ్ళు, తెగిన వలలు అన్నీ చేరేది ఇలాంటి మొగల్లోనే, ఉప్పుటేర్లలోనే. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుఫాన్లు మన తీరం మీదే విరుచుకుపడ్డాయి. అలాంటి గాలివానల్లో వలలు పోగొట్టుకున్న ఇళ్ళు మన మత్స్యకార గ్రామాల్లో కోకొల్లలు. ఒడ్డున చెత్త ఏరడానికి చాలామంది వస్తారు. నీటి అడుగున ఉన్నదాన్ని తీసేవాళ్ళు తక్కువ. తీయాలనుకునే వాళ్ళ కోసం, ఈ పనిలో నాకు తెలిసింది చెబుతాను.

మొదట ఊరిని అడగండి

నీళ్ళలో కనిపించే ప్రతి వలా దిక్కులేనిది కాదు. నిన్న రాత్రి వేసిన వల, రెండేళ్ళ కిందట పోయిన వల మసక నీళ్ళలో కొత్తవాళ్ళ కంటికి ఒకేలా ఉంటాయి. పొరపాటున ఒకరి బతుకు వల కోశారంటే ఆ ఊరు మిమ్మల్ని మళ్ళీ నమ్మదు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

అందుకే పని మొదలయ్యేది నీళ్ళలో కాదు, సాయంత్రం పూట ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గర. సర్పంచిని, కులపెద్దల్ని, మత్స్యకార సంఘం వాళ్ళని కలవండి. రెండే ప్రశ్నలు అడగండి: మీ వలలు ఎక్కడ పట్టుకుని చిరిగిపోతున్నాయి? ఇప్పుడు అక్కడ ఎవరి వలైనా వేసి ఉందా? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే మీ మ్యాపు. ఏ రాయి దగ్గర, ఏ మునిగిన దుంగ దగ్గర, ఒడ్డున ఏ తాటిచెట్టుకు ఎదురుగా అన్నది వాళ్ళు వేలితో చూపిస్తారు. తేదీ, చోటు, వాడే పడవ నంబరు, దిగే వాళ్ళ పేర్లు రాసి మత్స్యశాఖకు, దగ్గర్లోని మెరైన్ పోలీస్ స్టేషనుకు కాగితం ఇవ్వండి. మూలపేట వైపు ఓడరేవు పనులు జరిగే చోట అనుమతి చేతిలో లేకుండా దిగనే వద్దు.

ఎవరు దిగాలి?

స్కూబా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మాత్రమే. ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల లోతుకు పనికొస్తుంది, మొగల్లో అంత లోతు అవసరమే రాదు. కానీ కోర్సులో తేట నీళ్ళలో ఈదడం నేర్పుతారు. చెత్త తీయడం వేరు. చేతుల్లో కత్తి, పక్కన సంచి, చుట్టూ బురద. నీళ్ళలో కదలకుండా ఒకేచోట తేలి నిలబడగలిగే పట్టు వచ్చేదాకా, అంటే కనీసం పాతిక ముప్పై డైవులు చేసేదాకా, కోసే పని మీద వేసుకోకండి.

ఊళ్ళో గజ ఈతగాళ్ళు ఉంటారు, ఊపిరి బిగబట్టి మనకంటే బాగా మునుగుతారు. వాళ్ళకు సరదాగా కూడా సిలిండర్ తగిలించి దింపొద్దు. సిలిండర్ గాలి పీల్చినవాడు ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి, అందుకు రెండు మీటర్ల లోతు కూడా చాలు. వాళ్ళ అలవాటే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. నడుంలోతు నీళ్ళలో, ఉప్పుటేటి గట్ల వెంట, పడవ మీద వాళ్ళకు మించినవాళ్ళు లేరు.

ఇద్దరు డైవర్లకు పడవలో కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు పడవ చూసుకుంటే, రెండోవారు బుడగల మీంచి కన్ను తిప్పకూడదు.

ఏ రోజు, ఏ గడియ?

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. జూలై నుంచి అక్టోబరు దాకా ఏర్లు ఎర్రనీళ్ళతో వస్తాయి, కళ్ళకు ఏమీ కనపడదు. ఆ తర్వాత డిసెంబరు దాకా తుఫాన్ల భయం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ మొదటి రెండు వారాలు నాకు బాగా కలిసొచ్చే కాలం: నీళ్ళలో వేసిన వలలు తక్కువ, మనతో వచ్చే మనుషులు ఎక్కువ.

తిథి చూసుకోండి. అమావాస్యకు, పున్నమికి పోటుపాట్ల ఉరవడి ఎక్కువ. అష్టమి, నవమి దాటిన రోజుల్లో నెమ్మదిస్తుంది. మొగలో దిగేది ఆ రోజుల్లోనే. పోటు నిండి నీరు నిలిచే కాసేపే మన సమయం, ఎందుకంటే అప్పుడు మొగలో ఉండేది సముద్రపు తేటనీరు. పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలైందంటే ఏటి బురదతో సహా మనల్నీ సముద్రంలోకి లాక్కుపోతుంది. అది మొదలయ్యే ముందే పడవలో ఉండాలి.

మరో చిక్కు ఉంది. ఫోనులో కనిపించే పోటు వేళ సముద్రానిది. మొగలో నీరు నిలిచేది ఆ తర్వాత, ఎంత తర్వాత అన్నది ఏటిని బట్టి, ఇసకమేటను బట్టి మారుతుంది. వంశధార మొగలో మొదటిసారి దిగబోతున్నప్పుడు నేను వాచీ చూసుకుని సిలిండర్ తగిలించుకున్నాను. పడవ నడిపే తాత ఒక కొబ్బరిపీచు తుంపి నీళ్ళలో వేశాడు. అది ఇంకా ఊరివైపే కొట్టుకుపోతోంది.

"పోటు ఇంకా నిండనేదు బావూ. నీరు నిలిసినాక నాను సెప్తాను, అప్పుడు దిగండి."

"ఎంతసేపు తాతా?"

"పీచు సూడండి. అదే సెప్తది."

అరగంట పైనే కూర్చున్నాం. పీచు ఒకచోట ఆగి గుండ్రంగా తిరగడం మొదలెట్టాక చెయ్యి ఊపాడు. అప్పటినుంచి మా సామానులో పీచు ముక్క ఒకటి ఉంటుంది.

పైన వర్షాలు పడ్డాయా, వంశధార మీది గొట్టా బ్యారేజీలోనో నాగావళి మీది తోటపల్లిలోనో గేట్లు ఎత్తారా అని ముందురోజే కనుక్కోండి. ఎత్తితే ఆ వారం మానుకోండి. ఊరి మురుగు కలిసే ఏరైతే వాన తగ్గాక మూడు రోజులు ఆగండి. చాపిన చెయ్యి వేళ్ళు కనబడని నీళ్ళలో ఎంత అనుభవం ఉన్నా దిగొద్దు.

సామాను

మామూలు డైవింగ్ సామానుతో పాటు కోసే సాధనాలు ఒక్కొక్కరికి రెండు కావాలి, ఏ చేతికైనా అందేలా ఒకటి ఛాతీ దగ్గర, ఒకటి నడుం దగ్గర. నా అనుభవంలో పొడవాటి కత్తికంటే అంబులెన్సుల్లో బట్టలు కత్తిరించే మొండిమూతి కత్తెర మేలు. సన్న నైలాన్‌ను ఒంటిచేత్తో తెంపుతుంది, మన గొట్టాలకు గుచ్చుకోదు. మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి, వల మీద పెరిగిన గుల్లలు బ్లేడుల్లా ఉంటాయి. ధనుర్వాతం టీకా కాలం దాటిపోలేదు కదా చూసుకోండి. నీరు కారిపోయే వలసంచి, మీరున్న చోటు పైకి తెలిపే రంగు బోయా, విజిల్, పడవ మీద డైవర్ల జెండా. పడవలోనే ఆక్సిజన్ సిలిండర్. డైవింగ్ ప్రమాదాలకు వైద్యం చేసే ప్రెషర్ చాంబర్ ఎక్కడ తెరిచి ఉందో ముందే ఫోన్ చేసి రాసుకోండి. కోస్ట్ గార్డ్ 1554, తీర భద్రత 1093, అంబులెన్సు 108: పడవ చెక్క మీదే పెయింటుతో రాయించండి.

లాగొద్దు, కోయండి

కిందికి దిగగానే వల మీదికి పోకూడదు. ముందు దాని చుట్టూ ఒకసారి దూరంగా తిరగండి: ఎంత పొడవు, ఎక్కడ పట్టుకుంది, నీటి వాలు ఎటు? వల మీకంటే వాలు కింద ఉండాలి. మీరు దాని కింద వైపున ఉంటే కోసిన ముక్క వచ్చి మీ మీదే పడుతుంది.

ఒకరు కోయాలి, రెండోవారు చూడాలి. ఇద్దరూ కోయకూడదు. ఈ నియమం నాకు విజయనగరం తీరంలోని చింతపల్లి రాళ్ళ దగ్గర ఒంటబట్టింది. ఒడ్డున పాత లైట్‌హౌస్ కనిపిస్తుండగా నీళ్ళు చాలా తేటగా ఉన్నాయి. వల చిన్నదే కదా అని ఇద్దరం చెరో చివర పట్టాం. ఒక దశలో ముందుకు కదలబోతే వీపు వెనక ఎవరో పట్టుకుని లాగినట్టయింది. ఏమిటా అని వెనక్కి తిరిగాను. చేయకూడనిది అదే. తిరిగిన కొద్దీ సిలిండర్ మూతకు పట్టిన నైలాన్ మరో చుట్టు బిగిసింది. కదలకుండా ఆగి, సిలిండర్ మీద కత్తెర పిడితో కొట్టాను. మా వాడు తల తిప్పి నన్ను చూసేసరికి చాలాసేపు పట్టినట్టే అనిపించింది. వల కళ్ళు ఒక్కొక్కటిగా కోసి విడిపించాడు. చిక్కుకుంటే చేయాల్సింది అంతే: ఆగండి, తిరగకండి, ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, తోడును పిలవండి.

కోసేటప్పుడు పైన బెండ్ల తాడు ముందు తెంపేస్తే వల కుప్పకూలి మొత్తం చుట్టుకుంటుంది. అంచు నుంచి మొదలుపెట్టి మూరెడు మూరెడు ముక్కలుగా కోసి, చుట్టచుట్టి, వెంటనే సంచిలో కుక్కండి. కోసిన ముక్కను ఒక్క క్షణం కూడా వదిలేయకూడదు. బురద లేస్తే ఆగండి, నీరు దాన్ని తీసుకుపోనివ్వండి. గుల్లలూ పీతలూ ఉన్న చోట చేత్తో తడిమి, కదిలేదాన్ని విడిచిపెట్టి, మిగతాది కోయండి. పీతను విడిపించాలంటే డెక్కల్ని లాగొద్దు, ఊడిపోతాయి. చుట్టూ దారాలు కత్తిరించి ఇసక మీద పెడితే మిగిలిన పోగుల్ని అదే వదిలించుకుంటుంది.

సంచిని మీ జాకెట్‌కు తగిలించుకోవద్దు. ఏడెనిమిది కిలోలు దాటితే చేత్తో మోయకుండా పడవ నుంచి వదిలిన తాడుకు కట్టి పైవాళ్ళనే లాగమనండి. గాలిసంచితో లేపడం వేరే శిక్షణ. నీళ్ళలో ఒక లీటరు గాలి దాదాపు ఒక కిలోను లేపుతుంది. కానీ 10 మీటర్ల లోతులో నింపిన 5 లీటర్లు పైకి వచ్చేసరికి 10 లీటర్లవుతాయి, అందుకే సంచి పైకిపోయే కొద్దీ రాకెట్‌లా దూసుకుపోతుంది. దాని తాడు మీ చేతికి చుట్టుకుందా, మిమ్మల్నీ తీసుకుపోతుంది.

ఈ పనిలో గాలి మామూలుకంటే వేగంగా అయిపోతుంది. సిలిండర్‌లో 200 బార్ పీడనంతో దిగితే 100 దగ్గర పని ఆపండి, 50 మిగిలి ఉండగా పడవ దగ్గర ఉండండి. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రండి. లోతు ఎక్కువైన చోట 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. సగం వల మిగిలిపోయిందని బాధపడకండి, అది ఎక్కడికీ పోదు.

వదిలేయాల్సినవి

పగడపు జీవులు, విసనకర్రలా విచ్చుకునే సీ ఫ్యాన్లు పెరిగి కలిసిపోయిన వలను పీకితే జరిగే నష్టమే ఎక్కువ. వదులుగా వేలాడే భాగం వరకే కోయండి. చేపలు చేరడానికి మత్స్యకారులు కట్టి దించిన తాటిమట్టలు, మత్స్యశాఖ వేయించిన కాంక్రీటు దిబ్బలు చెత్త కావు. బారువ దగ్గర మునిగిన చిల్కా లాంటి పాత ఓడల ఇనుప ముక్కలు, పాత కుండలు ముట్టొద్దు. మూత బిగించిన డ్రమ్ములు, గుండ్లలా కనిపించే లోహపు వస్తువులు ఉంటే చోటు గుర్తు పెట్టుకుని పైకి వచ్చి పోలీసులకు చెప్పండి.

తాబేలు దొరికితే

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వలలో కనిపిస్తే ముందు తల పైకి తేలేలా చేయండి, అది మనలాగే గాలి పీల్చే ప్రాణి. మెడ దగ్గర, రెక్కల దగ్గర దారాన్ని చర్మానికి ఎడంగా లేపి కోయండి. కదలకపోతే చచ్చిందనుకోకండి. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉంచి, నీడలో తడిగుడ్డ కప్పి, అటవీశాఖకు ఫోన్ చేయండి. గంటల తర్వాత తేరుకున్నవి ఉన్నాయి.

ఒడ్డున

తీసినదంతా టార్పాలిన్ మీద పరిచి, బురద కడిగి, నీరు కారాక తూచండి. వలలు, తాళ్ళు, సీసం గుండ్లు, సీసాలు, గుడ్డలు వేరు చేసి లెక్క రాయండి. 2011లో మొదలైన డైవ్ అగైనెస్ట్ డెబ్రిస్ అనే ప్రపంచవ్యాప్త లెక్కల్లోకి మీ సంఖ్యలు కూడా పంపవచ్చు. నైలాన్ తగలబెట్టొద్దు. పనికొచ్చే తాడు, బెండ్లు, గుండ్లు ఊరివాళ్ళకే ఇచ్చేయండి, అవి వాళ్ళవే. మిగతాది పాతసామాను వ్యాపారికి గానీ పంచాయతీ చెత్త కేంద్రానికి గానీ చేర్చండి. ఆ చెత్త కేంద్రం వాళ్ళతో ముందే మాట్లాడకపోతే తడివలల గుట్ట ఒడ్డునే మిగిలి, మొదటి పెద్దపోటుకు తిరిగి నీళ్ళలోకి పోతుంది.

ఒకసారి మేం పరిచిన వల ముందు ఓ మత్స్యకారుడు గొంతుకూర్చుని, గుండ్ల తాడు ముడి వేళ్ళతో తిప్పి చూశాడు. "ఇది మా అన్న కట్టిన ముడి" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ పోయిందో చెప్పాడు. ఆ రోజు తాము దాని పక్కనే ఇంకో రెండు వలలు పోగొట్టుకున్నామని కూడా చెప్పాడు. నోటుబుక్కులో ఆ చోటు రాసుకున్నాం. తీయకుండా మిగిలిన వలకు ఎర్ర బెండు కట్టి, అటు వల వేయొద్దని ఊళ్ళో చెప్పి, వచ్చే నవమికి పడవ మాట్లాడుకున్నాం.