హైదరాబాద్‌లో ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కి ఎంత గిరాకీ? లెక్క తీసే పద్ధతి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి ఏ లాంగ్వేజ్ నడుస్తోందో తేల్చుకోకండి. ఏ కోర్సుకు ఫీజులు వస్తున్నాయో మాత్రమే అవి చెబుతాయి. ముందుగా మీకు కావలసింది ఉద్యోగాల లెక్కా, నేర్చుకునేవాళ్ల లెక్కా అన్నది కాగితం మీద రాసుకోండి. లాంగ్వేజ్‌ల ఆదరణకు ర్యాంకులిచ్చే టియోబీ సూచీ సెర్చ్ ఇంజన్లలో లాంగ్వేజ్ పేరుతో పాటు 'ప్రోగ్రామింగ్' అన్న మాట ఉన్న పేజీలను లెక్కిస్తుంది. అలాంటిదే ఇంకో సూచీ పీవైపీఎల్, ట్యుటోరియల్ కోసం గూగుల్‌లో వెతికేవాళ్లను చూస్తుంది. మాదాపూర్‌లో ఎన్ని ఖాళీలున్నాయో ఈ రెండూ చెప్పవు.

దానికి జాబ్ పోర్టల్ తెరవండి. నగరం హైదరాబాద్, అనుభవం 0-2 ఏళ్లు, గత 7 రోజులు అని ఫిల్టర్ పెట్టి, ఐదు లాంగ్వేజ్‌లకు వచ్చిన సంఖ్యలు షీట్‌లో ఎక్కించండి. ప్రతి సోమవారం, అవే ఫిల్టర్లతో, ఎనిమిది వారాలు. వారానికోసారి ఏడు రోజులవే తీస్తే ఒకే ప్రకటన రెండు వారాల్లో పడే అవకాశం తగ్గుతుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, ఒక్కో లాంగ్వేజ్‌కి 50 ప్రకటనల జేడీలు (ఉద్యోగ వివరణలు) పూర్తిగా చదవండి. జావా అని వెతికితే జావాస్క్రిప్ట్ ఉద్యోగాలు కలిసిపోతాయి. సి అంటే సి++ వస్తుంది. గో లాంగ్వేజ్ కోసం 'గో' బదులు 'గోలాంగ్' అని కొట్టండి, ఉత్త 'గో' మామూలు ఇంగ్లిష్ మాట. టెస్టింగ్ ఉద్యోగంలో పైథాన్ 'తెలిస్తే మంచిది' అని చివర ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఒకే ఖాళీని మూడు కన్సల్టెన్సీలు పెడితే జేడీలో చాలా భాగం తరచూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటుంది, అలాంటివి ఒక్కటిగానే లెక్క. 50లో 31 మిగిలాయనుకోండి, పోర్టల్ 400 చూపిస్తే 0.62తో గుణించి 248 అని రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ లెక్కను నమ్మి ఫ్రెషర్లు ఇంట్లో డబ్బు అడుగుతారు. వదిలేయకూడదు.

నేర్చుకునేవాళ్ల లెక్కకు, ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో తెలంగాణ ఎంచుకోండి. ఉత్త మాట కాకుండా, పేరు కింద 'ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అని ఉన్న టాపిక్ తీసుకోవాలి, లేకపోతే పైథాన్‌లో కొండచిలువ వెతుకులాటలూ కలుస్తాయి. అక్కడ కనిపించే 0-100 మనుషుల సంఖ్య కాదు, ఆ గ్రాఫ్‌లోని గరిష్ఠంతో పోలిక. ఒకేసారి కొన్నే పడతాయి కాబట్టి మిగతావాటిని చూడాలంటే రెండు గ్రాఫుల్లోనూ ఒకే లాంగ్వేజ్‌ను ఉమ్మడిగా ఉంచి, దాని ప్రకారం రెండోదాన్ని సరిచేయండి.

ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రశ్నలను వాడితే మొత్తం సంఖ్య కాకుండా అందులో ఒక్కో లాంగ్వేజ్ వాటా చూడండి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ అడిగేవాళ్లే తగ్గిపోయారు.